చలికి పొద్దున్నే స్టార్ట్ కాని డీజిల్ బండి: లోపం ఎక్కడుందో వరుసగా వెతికే పద్ధతి

డిసెంబరులో లంబసింగి వెళ్లినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నర. చెరువుల వేనం కొండ మీద మంచు చూడాలని అందరూ దుప్పట్లు కప్పుకుని బళ్లెక్కుతారు. పెట్రోలు బళ్లు తాళం తిప్పగానే కదిలిపోతాయి. పక్కనే ఒక డీజిల్ బండి మాత్రం సెల్ఫ్ కొడుతూనే ఉంటుంది. వెనక తెల్ల పొగ వస్తుంది, ఇంజన్ అందుకోదు. డ్రైవరుకి టెన్షన్, లోపల పిల్లలకి చలి. నిన్న మధ్యాహ్నం విశాఖలో ఇదే బండి ఒక్క తిప్పుకే స్టార్టయింది.

చింతపల్లి మండలంలో సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున్న ఊరు లంబసింగి. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని అక్కడివాళ్లు దాన్ని కొర్రబయలు అని కూడా అంటారు. శీతాకాలంలో రాత్రి చలి 5 డిగ్రీల లోపుకి, కొన్ని రోజులు సున్నా దగ్గరికి దిగుతుంది. పాడేరు, అరకు, అటు ఆదిలాబాద్, ఆసిఫాబాద్, సంగారెడ్డి జిల్లా కోహిర్ వైపు కూడా జనవరిలో ఇదే తంతు. కోస్తాలో 20 డిగ్రీల దగ్గర దాక్కున్న లోపం ఇక్కడ 6 డిగ్రీల దగ్గర బయటపడుతుంది. రాత్రికి రాత్రి ఏదో పాడైపోయిందని కంగారు పడకండి. ఆ లోపం చాలా రోజులుగా బండిలోనే ఉంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం నా సొంత అనుభవమే. మా పాత నాలుగు సిలిండర్ల డీజిల్ బండి ఒక చలికాలమంతా పొద్దున్నే ఏడిపించింది. ఒక మెకానిక్ బ్యాటరీ మార్పించాడు. ఇంకొకాయన సెల్ఫ్ మోటారు విప్పి కార్బన్లు వేశాడు. మరొక చోట సిలిండర్ లోపల కరెంటుతో వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు నాలుగూ మార్చారు. వేలల్లో ఖర్చయ్యాక తేలిందేమిటంటే, డీజిల్ ఫిల్టర్ దగ్గర రబ్బరు పైపు క్లిప్పు కింద వెంట్రుకంత చీలింది. మీకా ఖర్చు రాకూడదు.

అసలు చలికి ఏమవుతుంది

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని ఇంజన్ రకాన్ని బట్టి 16 నుంచి 22 రెట్లు నొక్కుతుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. చలి ఈ వేడిని మూడు వైపుల నుంచి లాగేస్తుంది. సిలిండర్ గోడలు చల్లగా ఉండి వేడి పీల్చుకుంటాయి. ఆయిల్ చిక్కబడి, బ్యాటరీ బలం తగ్గి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఆ ఆలస్యంలో పిస్టన్ రింగుల పక్క నుంచి గాలి జారిపోతుంది. డీజిల్ కూడా చిక్కబడి సన్నటి తుంపరగా విడదు. ఈ లోటు తీర్చడానికే హీటర్ ప్లగ్ ఉంది.

కాబట్టి చూడాల్సినవి నాలుగే: ఇంజన్ తగినంత వేగంగా తిరుగుతోందా, హీటర్ వేడి అందుతోందా, డీజిల్ అందుతోందా, గాలి సరిగ్గా నొక్కుకుంటోందా. తక్కువ ఖర్చుతో తేలిపోయేవి ముందు, ఇంజన్ విప్పాల్సినవి చివర.

ముందురోజు రాత్రి చేయాల్సిన పని

చల్లటి ఇంజన్ రోజుకి ఒక్కసారే సాక్ష్యం చెబుతుంది. ఒకసారి స్టార్టయి రెండు నిమిషాలు తిరిగిందా, ఆ రోజుకి సాక్ష్యం పోయినట్టే. పదకొండింటికి మీరు షెడ్డుకి తీసుకెళ్తే వేడి ఇంజన్ టక్కున స్టార్టవుతుంది, మెకానిక్ "బానే ఉంది కదా సార్" అంటాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన కళ్ల ముందు లోపం కనబడలేదు. అందుకే షెడ్డులో చూపించాలనుకుంటే బండిని ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలి, పొద్దున్న తాళం ఆయన్నే తిప్పమనండి.

ఇంట్లో మీరే చూసుకుంటే రాత్రి బండిని సమతలంగా ఉన్న చోట ఆపండి. ఒక మల్టీమీటర్, ఒక టార్చి, చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. సైలెన్సర్ వెనక నిలబడి పొగ చూడ్డానికి ఇంకో మనిషి కావాలి, లేదంటే సెల్‌ఫోన్‌ని వీడియో పెట్టి అక్కడ ఆనించండి. బండి మూసిన షెడ్డులో ఉంటే తలుపులు బార్లా తెరవాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

పొద్దున్న మొదటి సెల్ఫ్

తాళం తిప్పకముందే బ్యాటరీ వోల్టేజి కొలిచి రాసుకోండి. తర్వాత హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కండి. లైట్లు, ఫ్యాను, పాటలు అన్నీ ఆపేయండి. తాళం ఆన్ చేస్తే డాష్‌బోర్డు మీద స్ప్రింగు చుట్టలాంటి గుర్తు వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి, ఇంకో రెండు మూడు సెకన్లు ఆగి సెల్ఫ్ కొట్టండి. పాత మెకానికల్ పంపు బళ్లయితే యాక్సిలరేటర్ సగం తొక్కితే మేలు. కామన్ రైల్ బళ్లలో, అంటే ఉమ్మడి గొట్టంలో ఒత్తిడితో ఉన్న డీజిల్ నాజిళ్లకి వెళ్లే కొత్త తరహా బళ్లలో, కాలు పెట్టక్కర్లేదు, డీజిల్ ఎంత కావాలో కంప్యూటరే చూసుకుంటుంది. 10 సెకన్లకి మించి కొట్టకండి. అందుకోకపోతే కనీసం 30 సెకన్లు ఆగండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

ఆ 10 సెకన్లలో రెండే గమనించాలి: సెల్ఫ్ ఎలా తిరిగింది, పొగ వచ్చిందా లేదా. దారి ఇక్కడ మూడుగా చీలుతుంది. సెల్ఫ్ నీరసంగా ఉంటే కరెంటు వైపు వెళ్లండి. సెల్ఫ్ చురుగ్గా తిరిగి, తెల్ల పొగ దట్టంగా వస్తూ అందుకోకపోతే డీజిల్ అందుతోంది, అంటుకోవడం లేదన్నమాట. హీటర్ వైపు వెళ్లండి. సెల్ఫ్ చురుగ్గానే తిరిగి పొగ ఏమాత్రం రాకపోతే డీజిలే అందడం లేదు. ఈ పొగ పరీక్షకి పైసా ఖర్చు లేదు, అయినా చాలామంది ఇది చూడకుండానే సామాన్లు మార్చేస్తారు. నేనూ అలాగే చేశాను.

సెల్ఫ్ నీరసంగా ఉంటే

రాత్రంతా నిలిపిన బ్యాటరీ పొద్దున్న 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగమే. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంకొకరిని మీటరు చూడమనండి. 9.6 కంటే కిందకి పడిపోతే బ్యాటరీ నీరసించింది, లేదా చార్జి లేదు. రాత్రి 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 8కి జారిపోయే బ్యాటరీలు చాలా ఉంటాయి, కాబట్టి లోడు మీద కొలిచిన అంకెనే నమ్మండి. బ్యాటరీకి చలి అసలు పడదు. 0 డిగ్రీల దగ్గర దాని బలంలో దాదాపు ఐదో వంతు తగ్గిపోతుంది. ఇంజన్ తిరుగుతుండగా టెర్మినల్స్ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ బాగున్నట్టే.

బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ ఈడుస్తుంటే ఎర్త్, అంటే ఇంజన్‌ని బ్యాటరీ నెగటివ్‌కి కలిపే దారి, చూడాలి. చాలా షెడ్లలో ఇది వదిలేస్తారు. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, అంటే సీసం మీదే, క్లాంపు మీద కాదు. రెండో మొన ఇంజన్ మీద రంగు లేని ఇనుము మీద. ఇప్పుడు సెల్ఫ్ కొట్టిస్తే 0.3 వోల్టుల లోపు ఉండాలి. అంతకంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ పట్టీ తుప్పు పట్టింది, లేదా బోల్టు వదులైంది. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. కోస్తా బళ్లకి ఉప్పుగాలి వల్ల ఇది మరీ ఎక్కువ. పాజిటివ్ వైపు కూడా ఇంతే, బ్యాటరీ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు పెద్ద బోల్టు దాకా కొలవండి. అర వోల్టు దాటకూడదు. రెండు వైపులా బాగుంటేనే సెల్ఫ్ మోటారు విప్పించండి. అప్పుడు కార్బన్లు, బుష్షులు అరిగాయేమో చూస్తారు.

ఇంజన్ ఆయిల్ సంగతి కూడా ఒక మాట. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటే డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. తక్కువ అంకె అయితే తేలిక. బండి పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని ఉంటే, అరిగిన ఇంజన్‌కి చిక్కటిది మంచిదని ఎవరో చెప్పారని 20డబ్ల్యూ-50 పోయించకండి. మైదానంలో తేడా తెలియదు, కొండ మీద పొద్దున్నే తెలుస్తుంది.

తెల్ల పొగ వస్తే: హీటర్ ప్లగ్గులు

డాష్‌బోర్డు లైటు వెలిగి ఆరింది కాబట్టి హీటర్లు పనిచేస్తున్నాయని అనుకోవద్దు. పాత బళ్లలో ఆ లైటు టైమరుతోనే నడుస్తుంది. ప్లగ్గులు నాలుగూ కాలిపోయినా అది ఎప్పటిలాగే వెలిగి ఆరుతుంది.

ముందు తాళంతోనే ఒక పరీక్ష ఉంది. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి లైటు ఆరేదాకా ఆగండి, ఆఫ్ చేయండి, మళ్లీ ఆన్ చేసి ఆగండి. ఇలా రెండు మూడు సార్లు వేడిచేసి సెల్ఫ్ కొడితే మామూలు కంటే స్పష్టంగా తొందరగా అందుకుంటే, హీటర్లలో కొన్ని పనిచేస్తున్నాయి, కొన్ని పోయి ఉండొచ్చు. ఎన్నిసార్లు వేడిచేసినా రవ్వంత తేడా కూడా లేకపోతే, వాటికి కరెంటే అందడం లేదేమో చూడాలి.

టెస్ట్ లాంప్ గానీ మల్టీమీటర్ గానీ ప్లగ్గు తల మీద పెట్టి తాళం ఆన్ చేయించండి. పాత తరహా ప్లగ్గులకి 11 వోల్టుల పైన రావాలి. ఏమీ రాకపోతే పెద్ద ఫ్యూజు చూడండి, తర్వాత హీటర్ రిలే, అంటే ప్లగ్గులకి కరెంటు కలిపే స్విచ్చు, చూడండి. రిలే తాళం ఆన్ చేయగానే "టక్" మనాలి. ఆ శబ్దం వచ్చినా లోపలి పాయింట్లు కాలిపోయి కరెంటు దాటకపోవచ్చు, కాబట్టి లోపలికి వచ్చే వైరు, బయటికి వెళ్లే వైరు రెండూ కొలవండి.

కరెంటు వస్తుంటే ఒక్కో ప్లగ్గునీ విడిగా చూడాలి. తాళం ఆఫ్ చేసి, ప్లగ్గులని కలిపే పట్టీ విప్పేయండి. విప్పకపోతే నాలుగూ కలిసి కొలత తప్పు చూపిస్తాయి. మల్టీమీటర్‌ని ఓమ్స్ మీద పెట్టి, మొనలు రెండూ ముందు ఒకదానికొకటి తాకించండి. 0.3 లాంటి అంకె చూపిస్తుంది, అది వైర్లది, తర్వాత తీసేయాలి. ఇప్పుడు ఒక మొన ప్లగ్గు తల మీద, ఇంకోటి ఇంజన్ ఇనుము మీద. బాగున్న ప్లగ్గు సాధారణంగా 2 ఓమ్‌ల లోపే చూపిస్తుంది. అసలు కదలకపోతే లోపలి తీగ తెగిపోయింది.

దీనికంటే నాకు ఇష్టమైన పద్ధతి క్లాంప్ మీటర్. డీసీ ఆంపియర్లు చూపించేది కావాలి. ప్లగ్గులకి వెళ్లే లావు వైరుకి తగిలించి తాళం ఆన్ చేస్తే చాలు, ఏదీ విప్పక్కర్లేదు. మొదట్లో ఎక్కువ లాగి, ప్లగ్గు వేడెక్కిన కొద్దీ తగ్గుతూ ఒక చోట నిలబడుతుంది. ఒక్కోటి సుమారు 10 నుంచి 15 ఆంపియర్లు. నాలుగూ బాగున్నప్పుడు 45 వచ్చే బండి ఇప్పుడు 33, 34 దగ్గర ఆగితే ఒకటి పోయింది. 22 దగ్గర ఆగితే రెండు పోయాయి.

ఎన్ని పోతే ఎంత ఇబ్బంది అన్నది ఇంజన్ రకం మీద ఉంటుంది. డీజిల్‌ని ముందు ఒక చిన్న గదిలో అంటించే పాత ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకి హీటర్ తప్పనిసరి, ఎందుకంటే ఆ గది గోడలు వేడిని మరింత పీల్చేస్తాయి. వాటిలో ఒకటి పోతే స్టార్టయ్యాక అర నిమిషం బండంతా వణుకుతూ తెల్ల పొగ కక్కుతుంది. రెండు పోతే పొద్దున్న గండమే. నేరుగా పిస్టన్ మీద చిమ్మే డైరెక్ట్ ఇంజన్లు 10 డిగ్రీల దగ్గర హీటర్ లేకపోయినా ఎలాగోలా అందుకుంటాయి, అందుకే వాటిలో ప్లగ్గులు పోయిన సంగతి ఏళ్ల తరబడి తెలియదు.

ప్లగ్గు విప్పడం మాత్రం తొందరపడే పని కాదు. ఇంజన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు, ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ వేసి ఉంచి, కొంచెం వదులు చేసి, మళ్లీ కొంచెం బిగించి, ఇలా ఊపుతూ తీయాలి. బలవంతం చేస్తే ప్లగ్గు ఇంజన్ హెడ్‌లోనే విరుగుతుంది. అప్పుడు హెడ్ దించాల్సి రావచ్చు, 500 రూపాయల పని పాతిక వేలకి పోతుంది. బిగుసుకుపోయిందనిపిస్తే అక్కడే ఆపి అనుభవం ఉన్నవాళ్లకి వదిలేయండి.

తీసిన ప్లగ్గుని వైస్‌లో బిగించి, ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ కరెంటు ఇచ్చి చూడొచ్చు. చేత్తో మాత్రం పట్టుకోకూడదు. మంచి ప్లగ్గు అయితే ముందు మొన చివర అగ్గిపుల్ల తలంత ఎర్రబడుతుంది. ఆ ఎరుపు నారింజ రంగులోకి తిరుగుతూ కాడ మీదకి పాకుతుంది. మొన నల్లగా ఉండిపోయి నడుము ఎర్రబడితే అది పనికిరాదు; మీటరు మంచిదని చెప్పినా సరే. ఈ పరీక్ష 11, 12 వోల్టుల ప్లగ్గులకే. కొత్త బళ్లలో కొన్ని ప్లగ్గులు 5, 7 వోల్టుల మీద నడుస్తాయి, వాటికి నేరుగా 12 ఇస్తే అక్కడికక్కడే కాలిపోతాయి. ప్లగ్గు మీద వోల్టేజి రాసి ఉంటుంది, చదివాకే వైరు తగిలించండి. ఒకటి పోతే నాలుగూ మార్చడమే నయం, ఒకేసారి వేసినవి ఇంచుమించు ఒకేసారి పోతాయి.

పొగే రాకపోతే: డీజిల్ దారి

పెద్ద అనుమానం గాలి మీద. ట్యాంకు కింద ఉంటుంది, పంపు పైన ఉంటుంది. దారిలో ఎక్కడైనా సన్నటి చీలిక ఉంటే రాత్రంతా అక్కడి నుంచి గాలి దూరి, డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున్న పంపుకి దొరికేది గాలే. దీన్నే మనవాళ్లు ఎయిర్ పట్టింది అంటారు. ఈ చీలిక దగ్గర డీజిల్ కారదు, ఎందుకంటే పంపు పీల్చేటప్పుడు గాలి లోపలికే పోతుంది. కింద చుక్క కూడా కనబడదు కాబట్టే ఎవరికీ అనుమానం రాదు.

చేతి పంపు ఉన్న బళ్లకి పరీక్ష చాలా సులువు. ఫిల్టర్ మీదో పక్కనో ఉండే ఆ మీటని పొద్దున్న మొదటి సెల్ఫ్‌కి ముందు నొక్కి చూడండి. రెండు మూడు నొక్కులకే గట్టిపడితే డీజిల్ నిలిచే ఉంది. ఇరవై ముప్పై సార్లు మెత్తగా పోయి, తర్వాత గట్టిపడి, అప్పుడు సెల్ఫ్ కొడితే టక్కున అందుకుంటే లోపం దొరికినట్టే.

చేతి పంపు లేకపోతే వాలు సాయం తీసుకోండి. రెండు రాత్రులు కావాలి. ఒక రాత్రి బండి ముక్కు పల్లానికి, ఇంకో రాత్రి ముక్కు ఎత్తుకి పెట్టి ఆపండి. చక్రాలకి రాళ్లు పెట్టడం మరిచిపోవద్దు. ముక్కు పల్లానికి ఉన్న రోజు బాగా స్టార్టయి, ఎత్తుకి ఉన్న రోజు మొండికేస్తే డీజిల్ వెనక్కి జారుతోంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బాగుండి, అడుగంటినప్పుడు ఏడిపించడం కూడా అదే లక్షణం. మా బండి విషయంలో నాకు కళ్లు తెరిపించింది ఈ వాలు పరీక్షే.

ఎక్కడ దూరుతోందో పట్టుకోవాలంటే ఫిల్టర్ తర్వాత అడుగు పొడవున డీజిల్‌కి తట్టుకునే పారదర్శక గొట్టం కలిపి చూడండి. ఇది చేతి పంపుతో పీల్చే తక్కువ ఒత్తిడి వైపు మాత్రమే. నేను టార్చి వేసి చూసినప్పుడు లేత పసుపు డీజిల్‌లో ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వరుసగా వెళ్లాయి. గొట్టాన్ని ఫిల్టర్ ముందుకి మార్చాను, బుడగలు లేవు. అంటే ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా దారి బాగుంది, లోపం ఆ జానెడు దూరంలోనే. క్లిప్పు విప్పి పైపు వంచితే చీలిక నోరు తెరిచింది. పైపుకి, రెండు క్లిప్పులకి రెండు వందలు కూడా కాలేదు. మీ బండిలో ఇది ఫిల్టర్ రబ్బరు రింగు కావచ్చు, నీళ్లు వదిలే స్క్రూ కావచ్చు, బోల్టు కింద రాగి వాషరు కావచ్చు, చేతి పంపు లోపలి రబ్బరే కావచ్చు. ఫిల్టర్ మార్చిన వారంలోనే ఇబ్బంది మొదలైతే ముందు ఆ రింగే చూడండి. రాగి వాషరు విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి.

పాత మెకానికల్ పంపు బళ్లకి ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి బిగిస్తే ఎయిర్ పోతుంది. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ దగ్గర నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టడం అలవాటు. కామన్ రైల్ బండికి ఈ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. ఆ పైపుల్లో 1,000 బార్లు దాటిన ఒత్తిడి ఉంటుంది. సూదిలాంటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న గాయంలా కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం.

ట్యాంకులో కరెంటు పంపు ఉన్న బళ్లయితే తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద సన్నగా "గుయ్" మనే శబ్దం వినాలి. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు. వినిపిస్తే తాళం రెండు మూడు సార్లు ఆన్ ఆఫ్ చేసి డీజిల్ నింపుకోనిచ్చి సెల్ఫ్ కొట్టండి.

నీళ్లు కూడా చూడాలి. ఫిల్టర్ కింద స్క్రూ వదిలి అర గ్లాసు గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు అడుగున గీతలా విడిపోతాయి.

పాత పంపు బళ్లలో ఇంకొకటి: పంపు మీద కరెంటుతో తెరుచుకుని మూసుకుంటూ డీజిల్ ఆపే సోలినాయిడ్. తాళం ఆన్ చేస్తే "టిక్" మనాలి. ఆ చిన్న వైరు వదులైతే ఎంత సెల్ఫ్ కొట్టినా చుక్క డీజిల్ పోదు.

కామన్ రైల్ బళ్లకి స్కానర్

ఇక్కడ మీకు స్కానర్, అంటే బండి కంప్యూటర్‌ని చదివే పరికరం, ఉన్న మనిషి కావాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు రైల్ ప్రెషర్ ఎంత వస్తోందో చూడమనండి. చాలా ఇంజన్లు సుమారు 200 బార్లు దాటితే గానీ చిమ్మవు. కావాల్సిన ప్రెషర్, వస్తున్న ప్రెషర్ రెండూ పక్కపక్కన కనబడతాయి. వస్తున్నది ఎంతకీ పెరగకపోతే స్కానర్‌లో పీ0087 అనే లోపం కోడ్ పడొచ్చు. ఫిల్టర్, గాలి బాగుంటే నాజిళ్ల వెనక్కి కారే డీజిల్ కొలవాలి. నాలుగింటికీ నాలుగు చిన్న సీసాలు కట్టి చూస్తే కారుతున్నది మిగతా వాటికంటే రెండు మూడు రెట్లు నింపుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఇలా కారే నాజిల్ వేడి ఇంజన్ మీదే ఎక్కువ ఏడిపిస్తుంది, ఎందుకంటే వేడి డీజిల్ పలచగా ఉండి తేలిగ్గా కారుతుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఇబ్బంది అయితే ఖరీదైన నాజిళ్ల మీదకి వెంటనే వెళ్లకండి.

అదే పొద్దున్న, సెల్ఫ్ కొట్టకముందే, కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత కూడా చదివించండి. రాత్రంతా ఆగిన బండిలో రెండూ బయటి చలికి దగ్గరగా, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. బయట 7 డిగ్రీలుంటే కూలెంట్ 60 చూపించిందనుకోండి, సెన్సర్ అబద్ధం చెబుతోంది. ఇంజన్ వేడిగా ఉందనుకుని కంప్యూటర్ హీటర్లు వేయదు, అదనపు డీజిల్ ఇవ్వదు. ప్లగ్గులు కొత్తవి, రిలే బాగుంది, అయినా స్టార్ట్ కాదంటే చాలాసార్లు కారణం ఇదే, ఆ సెన్సర్ ఖరీదు కూడా తక్కువే. పీ0380, పీ0671 నుంచి పీ0674 దాకా ఉన్న కోడ్‌లు హీటర్ ప్లగ్గుల వైపు చూపిస్తాయి. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే ఇంజన్‌కి తాజా గాలి తగ్గుతుంది, దాన్నీ ఒకసారి చూడమనండి.

ఇవన్నీ బాగుంటే: గాలి నొక్కుడు (కంప్రెషన్)

ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి దాని మీదే ఉంచండి. మూత ఎగిరెగిరి పడుతూ కింద నుంచి పొగ కొడితే రింగులు అరిగాయన్న అనుమానం. ఖాయం చేసుకోవాలంటే హీటర్ ప్లగ్ రంధ్రంలో డీజిల్ కంప్రెషన్ గేజ్ పెట్టి కొలవాలి, పెట్రోలు గేజ్ తట్టుకోదు. పాత తరహా ఇంజన్లు బాగున్నప్పుడు 28 నుంచి 30 బార్ల దాకా చూపిస్తాయి, 20 దగ్గరికి పడితే చలిలో కష్టమే. అసలు అంకె బండి పుస్తకంలోదే ప్రమాణం. సిలిండర్ల మధ్య తేడా ఎక్కువుంటే ఒక్కచోటే లోపం. వాల్వులని నొక్కే ట్యాపెట్లు చేత్తో సెట్ చేసే ఇంజన్ అయితే హెడ్ విప్పించకముందే ట్యాపెట్ గ్యాప్ చూపించండి. గ్యాప్ బిగుతైపోయి వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోవడం నేను చూశాను.

ఇవి చేయొద్దు

ట్యాంకు కింద, ఆయిల్ సంప్ కింద గుడ్డలు కాల్చడం ఘాట్ రోడ్ల మీద ఇంకా కనిపిస్తోంది. పాత పైపు మీద డీజిల్ తడి ఉన్నా బండి అంటుకుంటుంది. గాలి గొట్టంలోకి ఈథర్ స్ప్రే కొట్టడం హీటర్లున్న ఇంజన్‌కి మరీ ప్రమాదం. ఎర్రటి ప్లగ్గు మీద పడి సమయం కాకముందే పేలుతుంది, పిస్టన్ పగలొచ్చు. డీజిల్‌లో కిరోసిన్ కలపడం పూర్వం లారీల్లో అలవాటు. కామన్ రైల్ పంపుకి, నాజిళ్లకి డీజిల్‌లోని జిడ్డే ఆయిల్ లాంటిది, కిరోసిన్ ఆ జిడ్డు తగ్గిస్తుంది. పైగా అది కల్తీ కిందికే వస్తుంది.

లారీ బ్యాటరీ నుంచి కేబుల్ తగిలించే ముందు వోల్టేజి అడగండి. పెద్ద లారీలు 24 వోల్టుల మీద నడుస్తాయి, మన 12 వోల్టుల బండి కంప్యూటర్ మాడిపోతుంది. కారు నుంచి కారుకి అయితే ముందు పాజిటివ్‌కి పాజిటివ్, చివరిగా నెగటివ్ కేబుల్‌ని మన బండి బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుముకి పట్టించండి. తోసి స్టార్ట్ చేయడం పాత గేరు బళ్లకి సరే. బీఎస్6 బళ్లలో కాలని డీజిల్ సైలెన్సర్‌లో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లోకి పోతుంది, అక్కడ ఆ పని వద్దు.

చలికి డీజిల్ గడ్డకడుతోందని మన దగ్గర చాలామంది అంటారు. డీజిల్‌లో మైనం ఉన్న మాట నిజం, చలికి అది తెట్టు కడుతుంది. కానీ లంబసింగి చలికి అనుమానించాల్సిన వరుసలో అది చాలా కింద ఉంటుంది. నిజంగా గడ్డకట్టేది లదాఖ్ లాంటి చోట్ల. అక్కడి కోసమే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్ తెచ్చింది. చలికాలంలో ఇక్కడి నుంచి అటు వెళ్లేవాళ్లు మన డీజిల్‌తో రాత్రి గడపకుండా, ఎత్తు పెరగకముందే అక్కడి డీజిల్ నింపుకోవాలి.

బాగు చేశాక

రిపేరు చేయించిన రోజు మధ్యాహ్నం స్టార్టయిందని డబ్బులిచ్చి వచ్చేయకండి. వరసగా మూడు పొద్దుళ్లు చూడండి. నోటుపుస్తకంలో నాలుగు గడులు చాలు: బయట ఎన్ని డిగ్రీలు, సెల్ఫ్ ఎన్ని సెకన్లు, పొగ రంగు, బ్యాటరీ వోల్టేజి. మా బండి పైపు మార్చకముందు 9 డిగ్రీల దగ్గర 25 సెకన్లు, అదీ మూడు విడతలుగా తీసుకునేది. మార్చిన మర్నాడు 8 డిగ్రీల దగ్గర 2 సెకన్లు. ఆ పుస్తకం ఇప్పటికీ బండిలోనే ఉంది. ఏటా నవంబరులో మొదటి చలి పడిన రోజు ఒక వరస రాస్తాను. 2 సెకన్లు 4 అయిన ఏడాది, కొండ ఎక్కకముందే హీటర్లు కొలిపించాను. రెండు పోయాయి.